ర్యామ్ మీద పెట్టిన గుర్తు

మధ్యాహ్నం మా అమ్మాయి వరండాలో కూర్చుని గోళ్లకు రంగు వేసుకుంటోంది. ఫ్యాను గాలికి ఆ వాసన లోపలి గదిదాకా వచ్చింది. ఘాటుగా, కొంచెం తియ్యగా, ముక్కుకెక్కే వాసన. నేను అప్పుడు ఎవరిదో ల్యాప్‌టాప్ వెనక మూత విప్పుతున్నాను. సీసా మూత పెట్టెయ్యమని పిల్లకి చెప్పబోయి ఊరుకున్నాను. ఆ వాసన వచ్చిన ప్రతిసారీ నాకు అప్పలనరసయ్య మాస్టారు గుర్తుకొస్తారు. ఆయన ముఖం కంటే ముందు, నేను ఆయనకి చేసిన పని గుర్తుకొస్తుంది.

ఆయన బడి పంతులు కాదు. చోడవరం బస్టాండు వెనక సందులో ఒంటి గది కొట్టు ఆయనది. మొదట రేడియోలు, తర్వాత టీవీలు, ఆ తర్వాత కంప్యూటర్లు బాగుచేసేవారు. చేతిపని తెలిసిన పెద్దవాళ్లని మా వైపు మాస్టారనే పిలుస్తారు. బక్కగా, పొడుగ్గా ఉండేవారు. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే తల కొంచెం పక్కకి వంచి వినేవారు. గదిని సగానికి విడదీస్తూ ఒక నీలం తెర వేలాడేది. దాని వెనక్కి ఎవర్నీ రానిచ్చేవారు కాదు.

నేను ఆయన దగ్గరికి వెళ్లేనాటికి ఎరువుల కొట్లో గుమస్తా పని పోయి మూడు నెలలైంది. పెళ్లయినవాణ్ని, ముప్ఫై దాటినవాణ్ని. మా బావ పారేయబోయిన పాత ల్యాప్‌టాప్ ఒకటి అడిగి తెచ్చుకున్నాను. అది బతికితే దాంతోపాటు హార్డ్‌వేర్ పని నేర్చుకోవచ్చని ఆశ. దాన్ని ఆయన బల్ల మీద పెట్టి, బాగుచేసి ఇమ్మన్నాను.

"నేను సెయ్యను బాబూ," అన్నారాయన. "నువ్వు సెయ్యాల. నేను పక్కన కూకుని సెప్తాను. నేర్చుకుంటానన్నావు కదేటి?"

ఆయన పద్ధతి ఆయనదే. ముందు ఒక పాత పేపరు పరిపించారు. దాని మీద ల్యాప్‌టాప్ వెనక భాగం బొమ్మ పెన్సిల్‌తో గీయించారు. విప్పిన ప్రతి స్క్రూనీ బొమ్మలో దాని చోటు మీదే పెట్టాలి. "ఎక్కడిదక్కడే పడుకోవాల. పొడుగుది తెచ్చి పొట్టిదాని కన్నంలో ఎక్కించేవంటే బోర్డుకి పొడుస్తాది. అప్పుడు నువ్వూ నేనూ కలిసి ఏడవాల." మూత తీశాక పెయింటు బ్రష్షుతో ఫ్యాను దుమ్ము దులిపించారు. చిప్పు వేడి లాగే పేస్టు ఎండిపోతే తుడిపించి కొత్తది రాయించారు. ర్యామ్ పీకించి, దాని అంచున వరసగా ఉండే బంగారు రంగు పళ్లని స్కూలు పిల్లల రబ్బరుతో రుద్దించారు. ఆయన ఒక్క స్క్రూ కూడా తిప్పలేదు. నాకు నేర్పడానికే అలా చేస్తున్నారనుకున్నాను. అయిదో రోజున స్విచ్చి నొక్కితే తెర మీద కంపెనీ గుర్తు వెలిగింది. నేను చిన్నపిల్లాడిలా ఎగిరాను. ఆయన నవ్వి, "ఇంకా ఎగరకు. మధ్యలో ఆగిపోతంది సూసేవా? ర్యామ్ మీద నాకు అనుమానముంది. రేపు తే, సూద్దాం," అన్నారు.

ఆయనకి ర్యామ్ మీద అనుమానం. నాకు ఆయన మీద అనుమానం. అది ఏ రోజున మొదలైందో చెప్పలేను. ఇతరుల మిషన్లు వస్తే, మూత విప్పి అందులోంచి ఏదో ముక్క తీసుకుని ఆయన తెర వెనక్కి వెళ్లేవారు. చాలాసేపు బయటికి వచ్చేవారు కాదు. ఎవరైనా హఠాత్తుగా కొట్లోకి వస్తే కంగారుగా తెర సర్దేవారు. ఒకసారి నేను మంచినీళ్ల కోసం అటు రెండడుగులు వేస్తే, "అటెల్లకు!" అని అరిచారు. అంత నెమ్మది మనిషి అరిచేసరికి, అక్కడ దాచాల్సినదేదో ఉందని నాకు నిశ్చయమైపోయింది. మంచి పార్టు తీసి పాతది పెడుతున్నాడు, అంతే. వేరే కారణం ఉండొచ్చన్న ఆలోచనే రాలేదు.

అనుమానించడం మా ఇంట్లో ఒక పనితనం. మా నాన్న చెరకు పండించి బెల్లం వండేవాడు. దిమ్మ గట్టిపడకముందే అడుగున గోటితో ఒక గీత గీసేవాడు. అనకాపల్లిలో అమ్మేచోట తన సరుకుకి బదులు ఇంకొకరి నల్ల బెల్లం తనదని చూపిస్తారని ఆయన భయం. నాకు తెలిసి ఎవరూ ఎప్పుడూ మార్చలేదు. గీత గీయబట్టే మార్చలేదని ఆయన నమ్మకం. ఆ తెలివి నాకూ వచ్చింది.

తెర వెలిగిన ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి ల్యాప్‌టాప్ విప్పాను. మా ఆవిడ గోళ్ల రంగు తీసి, ర్యామ్ ఆకుపచ్చ ముక్క మూల మీద లేత గులాబీ చుక్క ఒకటి పెట్టాను. ఆరడానికి గోడకి ఆనించి నిలబెట్టాను. ఇంతలో కరెంటు పోయింది. కాసేపు చూసి, సెల్ వెలుతురులో ముక్కని తడుముకుంటూ ల్యాప్‌టాప్‌లో పెట్టేసి మూత బిగించాను. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది కాబట్టి వేసి చూసే వీలు లేదు.

మర్నాడు మాస్టారు, "ఇలా ఇయ్యి," అని ల్యాప్‌టాప్‌ని అలాగే ఎత్తుకుని తెర వెనక్కి వెళ్లారు. అక్కడే మూత విప్పి, బయటికి తెచ్చి స్విచ్చి నొక్కితే ఏమీ రాలేదు. ముందురోజు వెలిగిన కంపెనీ గుర్తు కూడా లేదు. నల్లటి తెర. ఆయన ముఖంలో అయోమయం కనిపించింది. దాన్ని నటన అనుకున్నాను. ఆయన మంచినీళ్లకి లేచినప్పుడు వంగి చూశాను. ర్యామ్ దాని గాడిలో కూర్చుని ఉంది. మూల ఖాళీగా ఉంది. చుక్క లేదు.

నేను ఆయన్ని ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఈ కథే లేదు. తిన్నగా టీ కొట్టుకి వెళ్లాను. అక్కడ రమణ ఉన్నాడు. నాకు చిన్నప్పటి స్నేహితుడు, ఊళ్లో ఒక ప్రైవేటు స్కూల్లో ఆఫీసు పని చూస్తాడు. ఆ స్కూలు కంప్యూటర్లన్నీ మాస్టారి దగ్గరికే వచ్చేవి. ఆయన పొయ్యి వెలిగేది చాలావరకు ఆ పనితోనే.

"రమణా, మీ కంప్యూటర్లు ఓసారి సూసుకోండ్రా," అన్నాను. "ఆయన పార్టులు మార్చీస్తన్నాడు."

"ఏటి, మాస్టారే? నువ్వు సూసేవా?"

"గుర్తెట్టేను. ఇయ్యాల సూస్తే లేదు."

"ఓర్నాయనో! అందుకేనేటి ఆ తెర? నేను ఆళ్లావిడ అక్కడ వంట సేస్తందనుకున్నాను."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది. ఉద్యోగం పోయాక ఒకరు నా మాటని అంత శ్రద్ధగా వినడం అదే మొదలు.

ఆ తర్వాత నాలుగు రోజులు కూడా కొట్టుకి వెళ్తూనే ఉన్నాను. ఈసారి నేర్చుకోవడానికి కాదు, పట్టుకోవడానికి. ఆయన మాత్రం నా ల్యాప్‌టాప్ కోసం మిగతా పనులు పక్కన పెట్టేశారు. "నిన్న వచ్చింది కదా బాబూ, ఇయ్యాల ఎందుకు రాదు? నేనే ఏదో సేసేనేటి?" అని తనని తనే ప్రశ్నించుకునేవారు. ఆ నాలుగు రోజుల్లోనే స్కూలు వాళ్ల ఆటో వచ్చి, బాగుచేయకుండానే కంప్యూటర్లన్నీ ఎక్కించుకు పోయింది. మరో ఇద్దరు వచ్చి తమవి తీసుకుపోయారు. "ఏటో, అందరికీ ఒక్కసారే తొందరొచ్చింది," అన్నారాయన. నేను తల వంచుకుని స్క్రూలు ఏరాను.

అయిదో రోజున ర్యామ్ పీకి, ఈసారి తెర వెనక్కి వెళ్లకుండా, నా ఎదురుగానే దాని పళ్ల మీద గోటితో మెల్లగా గీస్తూ పోయారు. ఒకచోట ఆగారు. మళ్లీ గీశారు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "ఇక్కడ ఏటో అంటుకుంది. సూడు బాబూ, నీ కళ్లు మంచివి," అని నా చేతికిచ్చారు.

చూశాను. గోడకి ఆనించి నిలబెట్టినప్పుడు నా చుక్క జారింది. మూల మీంచి కారి, నాలుగైదు పళ్లని కప్పేసి, సన్నటి గులాబీ పొరలా ఆరిపోయింది. ముక్క గాడిలో ఉంటే ఆ పొర కనిపించదు. కరెంటుకి దారి మూసిందీ అదే, నేను ఆయన్ని దొంగని చేసిందీ దానివల్లే.

"ఏదో మురికి మాస్టారూ," అన్నాను.

"అయితే గోకెయ్యి," అన్నారు.

గోకి, రబ్బరుతో రుద్ది పెట్టాను. ల్యాప్‌టాప్ వెలిగింది. ఆయన నా భుజం తట్టి, "వచ్చీసింది! ఇంక దీనికి ఢోకా లేదు. నీకూ లేదు," అన్నారు. నిజం చెప్పే ధైర్యం కూడగట్టుకోవడానికి నాకు పది రోజులు పట్టింది. అప్పటికి ఆ కొట్టులో బల్ల మీద ఒక్క మిషను కూడా లేదు.

చెప్పాను. చుక్క సంగతి, రమణతో అన్న మాట, అంతా. ఆయన తల పక్కకి వంచి విన్నారు.

"తెలుసు బాబూ," అన్నారు. "మురికికి ఆ వాసనుండదు. పెళ్లికి ముందు మా కూతురు గుంట ఇక్కడే కూకుని గోళ్లకి ఏసుకునీది. నాకు తెల్దేటి?"

"మరి ఎందుకు అడగలేదు మాస్టారూ?"

"నువ్వే సెప్తావేమోనని సూసేను."

తర్వాత లేచి, తెర పక్కకి లాగి, రమ్మన్నారు. లోపల ఒక చిన్న బల్ల. దాని మీద గుండ్రటి దీపం బిగించిన పెద్ద భూతద్దం. అంతే. కుడి కన్ను చూపు పోయి రెండేళ్లయిందట. ఎడమది కూడా తగ్గుతోందట. నాచేత స్క్రూలు ఎందుకు తిప్పించారో అప్పుడు అర్థమైంది.

"అందరికీ ఈ సంగతి చెప్పేస్తాను మాస్టారూ. తెర వెనక ఏముందో తెలిస్తే మళ్లీ వస్తారు," అన్నాను.

ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "వద్దు బాబూ. దొంగ దగ్గరైనా పక్కన కాపలా కూకుని సేయించుకుంటారు. కళ్లు లేనోడికి మిషను ఎవుడిస్తాడు? నువ్వు తప్పు సూసేనని సెప్పు సాలు. ఇది మాత్రం సెప్పకు."

ముందు రమణ దగ్గరికి వెళ్లాను. తర్వాత మిగతా ఇద్దరి ఇళ్లకీ వెళ్లాను. గుర్తు నేనే తప్పుగా పెట్టానని, మాస్టారు ఏమీ మార్చలేదని చెప్పాను. రమణ ఓపిగ్గా విని, "సరే ఒరే, నువ్వు సెప్పింది నిజమే అనుకుందాం. మరి ఆ తెరెనకాల ఏటి సేస్తాడు?" అన్నాడు. నా దగ్గర జవాబుంది. చెప్పకూడదని మాటిచ్చాను. నేను తడబడ్డం చూసి వాడు జాలిగా నవ్వాడు. "నీకు పని నేర్పేడు కదా, ఆ మాత్రం ఎనకేసుకురావాలిలే." నాకు మాట పుట్టించడానికి ఒక్క టీ తాగేంతసేపు పట్టింది. దాన్ని చంపడానికి నాకున్న నోరు సరిపోలేదు.

ఏడాది తిరక్కుండా ఆయన కొట్టు మూసేసి దేవరాపల్లిలో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. వెళ్లేముందు తన స్క్రూడ్రైవర్లన్నీ నాకిచ్చారు. నేను పుచ్చుకున్నాను. అది కూడా సిగ్గులేని పనే. కానీ వద్దంటే ఆయన ఇంకా నొచ్చుకునేవారు. ఆయన చనిపోయి రెండేళ్లయింది. ఇది రాయొచ్చా అని ఆయన కూతుర్ని అడిగితే, "రాయండన్నయ్యా. కళ్ల సంగతి తెలిసిందని ఇప్పుడు నాన్న దగ్గరికి రావడం ఎవులు మానేస్తారు?" అంది.

ఇప్పుడు ఊళ్లో ఆ పని చేసేది నేను. పోయిన నెల రావికమతం నుంచి ఒకాయన తన ల్యాప్‌టాప్ తెచ్చాడు. బల్ల మీద పెట్టి కూడా దాని మీంచి చెయ్యి తియ్యలేదు. "పార్టులవీ మార్చరు కదండీ? ఇదివరకు ఇక్కడెవరో ముసలాయన మార్చీసేవోడట."

ఆయన్ని కూర్చోబెట్టి మొదట్నుంచీ చెప్పాను. గోళ్ల రంగు, టీ కొట్టు, భూతద్దం, ఏదీ దాచలేదు. ఆ మాట పుట్టించింది నేనేనని చెప్పాను. ఆయన మధ్యలో అడ్డు రాకుండా, పెద్దమనిషిలా అంతా విన్నాడు. "అయ్యో పాపం," అన్నాడు. తర్వాత జేబులోంచి ఫోను తీసి, "ఏటనుకోకండి, మూత ఇప్పండి. ఒక్కో పార్టూ ఫొటో తీసుకుంటాను," అన్నాడు.

విప్పాను. లోపల చీకటిగా ఉంది. పార్టుల మీది నంబర్లు స్పష్టంగా పడాలని, ఆయన ఫొటోలు తీసినంతసేపూ నేనే దీపం పట్టుకుని నిలబడ్డాను.