క్యారియరు మీద కూర్చుని చూసిన బ్రేకులు

మొన్న కరీంనగర్‌లో సైకిళ్ళ దుకాణానికి మనవరాలితో పాటు నేనూ పోయాను. ఆమె కొనేది వంగి తొక్కే సన్న టైర్ల సైకిలు. దానికి రెండు రకాల పిడులున్నాయట. పాత రకంలో గేరు పుల్ల కింద పైపుకు ఉంటుంది, బ్రేకు పట్టుకుంటే అరచెయ్యి ఒత్తుకుంటుంది. కొత్త రకంలో గేరూ బ్రేకూ ఒక్కచోటే, వేళ్ళకు అందేటట్టు. ఏది సుఖమని రెండింటినీ పిసికి పిసికి చూస్తూ, ఫోన్లో స్నేహితులను అడుగుతూ ఎంతకూ తేల్చకపోతే ఊరుకోలేక, "వెనక కూసునేటోళ్ళను అడుగు బిడ్డా, బ్రేకు సంగతి ఆళ్ళకే తెలుస్తది" అన్నాను. మనవరాలు నవ్వింది, దుకాణపాయన కూడా నవ్వాడు. నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, ఇట్లా కూర్చుని రాయడం ఇదే మొదలు, తప్పులుంటే మీరే సర్దుకుని చదవండి. కానీ నేనెందుకు అట్లా అన్నానో చెప్పకుండా ఉండలేను.

ఎనభైలలో మా ఆయనా నేనూ కొండగట్టు చుట్టుపక్కల ఊళ్ళలో సైకిలు మీద గాజులు అమ్మేవాళ్ళం. ముందు ఆయన, వెనక క్యారియరు మీద నేను, నా ఒళ్ళో గాజుల గంప. సైకిలు మా మామది. దానివి కమ్మీ బ్రేకులు, అంటే పిడి నుంచి చక్రం దాకా వైరుకు బదులు ఇనుప కమ్మీలే. మీ ఇళ్ళల్లోనూ అటువంటిది ఒకటి ఉండే ఉంటుంది. బ్రేకు పట్టగానే అది ఆగేది కాదు, ముందు మొత్తుకునేది. మేకపిల్లను ఎవరో చెవి పట్టి లాగినట్టు కీచుమని ఊరంతా వినపడ్డాక, ఇంక ఆగదేమో అనుకున్నప్పుడు ఒక్క గుంజు గుంజి ఆగేది. ఆ గుంజుడుకు నా ముక్కు ఆయన వీపుకు తగిలేది, గంపలో గాజులు పటపటా పగిలేవి. ఆ గాజుల మీదే మా పొయ్యి వెలగాలి కనుక ఆ చప్పుడు వినగానే గంపలో చెయ్యి పెట్టి పోయినవెన్నో లెక్కపెట్టేదాన్ని. ఆయనకు మాత్రం ఆ సైకిలంటే ప్రాణం. ఆ కీచు వినగానే గాజులవాళ్ళు వచ్చారని ఆడవాళ్ళు చేతిలో పని వదిలి వాకిట్లోకి వచ్చేవాళ్ళు, అరిచి అమ్మే పనే లేదు. నిజం చెప్పాలంటే అది నాకూ మేలే. నలుగురిలో నోరు తెరవాలంటే చెమటలు పట్టే మనిషిని నేను.

ఒక ఏడు జాతర ముందర, ఆదిలాబాద్‌లో బట్టలు కుట్టే మా మరిది కొత్త సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. దానివి వైరు బ్రేకులు. బాపు సైకిలు, అంటే మా మామది, తనకివ్వమని, దాని బదులు ఇది మమ్మల్ని ఉంచుకోమని అడిగాడు.

"వదినె ముక్కు సూడన్నా, నీ వీపుకు తాకి తాకి సప్పిడైంది. గిది రెండు వేళ్ళతోని పట్టు సాలు, వెన్న లెక్క ఆగుతది."

"పురికొస లెక్కున్నది, గిది ఆపుతదారా? తెగితే నీ వదినెను నువ్వు మోస్తవా?"

"మోస్త. గంప నువ్వు మొయ్యి."

వాళ్ళు అట్లా వాదులాడుతుంటే మా అత్తమ్మ వచ్చి, కొండగట్టు అంజన్న దగ్గర పూజ కాకుండా ఆ సైకిలు ఎవరూ ఎక్కవద్దని తేల్చి చెప్పింది. నడిపించుకుంటూ గుట్ట మీదికి తీసుకుపోయాం. గాజుల గంప కూడా వెంట ఉంది, అక్కడ నాలుగు జతలు అమ్ముడుపోతాయని. కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, పూజారి పిడికి బొట్టు పెట్టి నూనెలో కలిపిన సిందూరం ఆకులో పెట్టి ఇచ్చాడు. అత్తమ్మకు ఆ ఒక్క బొట్టు చాలలేదు. సైకిలును ఆపేది ఏదిరా అని మరిదిని అడిగింది. అతను గొప్పగా బ్రేకు రబ్బర్లు, అవి పట్టుకునే చక్రం అంచు చూపించాడు. "గండం ఉన్న కాడనే గద రక్ష ఉండాలె" అని ఆకులో ఉన్న సిందూరమంతా రబ్బర్లకూ, అంచు చుట్టూ దట్టంగా పూసింది. మేమందరం చేతులు జోడించి చూస్తూ నిలబడ్డాం. ఒక్కరికీ ఏమీ తట్టలేదు.

అత్తమ్మ, మరిది మెట్ల దారిన దిగుతామన్నారు. మేమిద్దరం సైకిలెక్కి ఘాటు రోడ్డున దిగాం. మొదటి మలుపులోనే ఆయన వీపు బిగుసుకుపోయింది.

"ఆగుతలేదే!"

"బ్రేకు పట్టవయ్యా!"

"పట్టిననే, జారుతున్నది!"

ఇంక ఆయన చేసేదేమీ లేక "అంజన్నా! అంజన్నా!" అని గొంతు చించుకున్నాడు. ఎదురుగా వచ్చే భక్తులు ఇదేదో కఠినమైన మొక్కు అనుకుని పక్కకు జరిగి దండాలు పెట్టారు. ఒక ముసలమ్మ మా మీద అక్షింతలు కూడా చల్లింది. నేను ఒక చేత్తో గంప, ఒక చేత్తో ఆయన అంగీ పట్టుకుని రెండు కాళ్ళూ రోడ్డుకు ఈడ్చాను. ఒక చెప్పు ఊడి ఎటో పోయింది. కింద కొబ్బరి పీచు కుప్పలోకి దూరి ఆగాం. గంప తెరిచి చూస్తే ఒక్క గాజు పగలలేదు, పగిలినవి నా చేతికి ఉన్నవే.

సిందూరమే కాపాడిందని అత్తమ్మ, వైరే దగా చేసిందని మా ఆయన. మరిదికి అసలు సంగతి తెలిసినా తల్లి ముందు అనలేక, ఇంటికి వచ్చాక చప్పుడు చేయకుండా గుడ్డ, కిరసనాయిలు పట్టుకుని రబ్బర్లూ చక్రం అంచూ తుడుస్తూ కూర్చున్నాడు. మర్నాడు అదే సైకిలు మీద మమ్మల్ని ఒక్క ఊరు తిరిగి రమ్మని బతిమాలాడు, నచ్చకపోతే తన సైకిలు తనే తీసుకుపోతానన్నాడు.

ఆ ఊళ్ళో సైకిలు ఆగిన సంగతి నాకు తెలియనే లేదు, ఆయన కాలు కింద పెడితే తెలిసింది. ముక్కు తగలలేదు, గాజు పగలలేదు. ఒక్క మనిషి కూడా బయటికి రాలేదు. ఒక కుక్క వచ్చి చక్రం వాసన చూసి పోయింది.

"ఇగ నువ్వన్న ఒర్లు" అని నన్ను అరవమన్నాడు ఆయన.

"నువ్వే ఒర్లరాదు?"

"మొగోడు గాజులు గాజులని ఒర్లితే నవ్వరా? లేకుంటె సెప్పు, బాపు సైకిలే ఉంచుకుందాం."

బ్రేకు ఆయన చేతిలోదే, తేల్చవలసింది మాత్రం నేనైపోయాను. ఒళ్ళో ఉన్న గంప చూశాను. నోరు తెరిస్తే మొదటిసారి గాలే వచ్చింది. రెండోసారి దగ్గు వచ్చింది. మూడోసారి కళ్ళు మూసుకుని "గాజులమ్మా గాజులూ" అన్నాను.

ఎదురింటావిడ పరుగున వచ్చింది. "గట్ల ఒర్లుతవేందే, మా పెయ్యదూడ తలుగు తెంపుకున్నది!" అని తిట్టి, ఆ నోటితోనే రెండు చేతులకూ ఎర్ర గాజులు వేయించుకుంది.

మామ సైకిలు మరిదితో ఆదిలాబాద్ పోయింది. కొత్తది మా దగ్గరే ఉండి, నా గొంతు మీద చాలా ఏళ్ళు నడిచింది. నేను వీధి మలుపులో పిలిస్తే "గాజులక్కా, ఇటు రా" అని నాలుగిళ్ళ అవతలి నుంచి బదులు వచ్చేది. గొంతు వినగానే ఎవరో, వాళ్ళ చేతి కొలత ఎంతో చెప్పేదాన్ని. ఇప్పుడు మా వీధిలో గాజులు అట్టపెట్టెల్లో వచ్చి గేటు దగ్గర దిగుతాయి, తెచ్చినవాడు మాట్లాడకుండానే పోతాడు. మధ్యాహ్నం పూట వరండాలో నిలబడితే ఒక్కసారి గట్టిగా పిలవాలనిపిస్తుంది. కానీ ఎదురింటి వాళ్ళ చేతి కొలత నాకు తెలియదు.