గువాహటికి మూడు ఇప్పాకులు

హైదరాబాద్ నుంచి గువాహటికి గాలిదారిన సుమారు పదిహేడు వందల కిలోమీటర్లు, ప్రయాణం రెండున్నర గంటలు. ఫోన్లో చూసి ఆ లెక్క చెప్పింది నేనే. పినపాకలో మా మిరప తోటకు పనికొచ్చే ముత్తమ్మవ్వ దాన్ని నమ్మింది.

అవ్వ కూతురు సుజాత గువాహటిలో కానిస్టేబుల్. ఆడపిల్ల పుట్టింది, ఏడో రోజు పేరు పెట్టాలి. వాళ్ల కోయగూడెంలో పేరు పెద్దలు అనుకుంటే సరిపోదు, బిడ్డ ఒప్పుకోవాలి. బిడ్డ చేతిలో ఇప్పచెట్టు ఆకు పెట్టి పేరు చెబుతారు. గుప్పిట మూస్తే ఖాయం. వదిలేస్తే ఇంకో ఆకు, ఇంకో పేరు. పోయిన తన తల్లి కన్నమ్మ పేరు మనవరాలికి రావాలని అవ్వ ఆశ. అవ్వకు తోడుగా నాకూ టికెట్ పంపింది సుజాత. విమానం నేనూ ఎక్కలేదు. బోర్డులు చదవగలను, అదే నా అర్హత.

బయలుదేరే రోజు తెల్లవారకముందే అవ్వ మూడే ఆకులు కోసింది. ఇంకొన్ని కోయమన్నాను.

"రెండున్నర గంటలే అంటివి గదా బిడ్డా. గింతల్నే వాడిపోతయా?" అంటూ తడిగుడ్డలో చుట్టుకుంది.

మణుగూరులో ఆరుగంటల బస్సెక్కాం. కొత్తగూడెంలో టీ తాగాం. ఖమ్మం దాటేసరికి ఎండ ముదిరింది. సూర్యాపేటలో భోజనం చేశాం, పప్పు బాగుంది, పెరుగు మాత్రం పులిసింది. అప్పటికే గుడ్డ ఆరిపోతే మళ్లీ తడిపాం. ఎల్బీనగర్‌లో దిగి, ఆటోలో శంషాబాద్ చేరేసరికి మూడైంది. ఇంకా విమానం మొహమే చూడలేదు. వెళ్లేవాళ్లు ముందు ఇంటి నుంచి ఎయిర్‌పోర్టు దాకా పట్టే టైమ్ చూసుకోండి, నాలాగా కాకుండా.

తనిఖీ దగ్గర పోలీసమ్మ మూట విప్పించి ఇదేమిటని అడిగింది.

"మా మనుమరాలి పేరు బిడ్డా" అంది అవ్వ.

నేను వివరం చెప్పాక ఆమె మూట జాగ్రత్తగా చుట్టి ఇచ్చింది. మూడింటిలో రెండాకులు నల్లబడి ముక్కలవుతున్నాయి. చూసి నాకు సిగ్గేసింది.

ఐదున్నరకు విమానం లేచింది. ఎనిమిదికి గువాహటిలో దిగాం.

మర్నాడు పొద్దున సుజాత క్వార్టర్‌లో పేరు పెట్టడం. అల్లుడు పెరట్లోంచి వేరే చెట్టు ఆకు తెచ్చాడు గాని, అది మన చెట్టు కాదని అవ్వ వద్దంది. మిగిలింది ఒకటే ఆకు. బిడ్డ అది వదిలేస్తే మరో పేరు అడగడానికి లేదు.

"ఏ పేరు చెప్పమంటవే?" అని అవ్వ కూతుర్ని అడిగింది.

"గింత దూరం ఏ పేరు తెచ్చినవో గదే చెప్పు" అంది సుజాత.

అవ్వ ఆకు పెట్టి తమ భాషలో కన్నమ్మ పేరే చెప్పింది. బిడ్డ తుమ్మింది. ఆకు వేళ్ల చివరిదాకా జారింది. మా అందరి ప్రాణాలూ ఆ చిన్న చేతిమీదే ఉన్నాయి. తర్వాత వేళ్లు మెల్లగా ముడుచుకున్నాయి. అవ్వ ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

నాలుగో రోజు తిరుగు ప్రయాణం. విమానం ఫోన్ చెప్పినట్టే రెండున్నర గంటల్లో దింపింది. ఆ మాట వరకు నిజమే. మిగతాదంతా రోడ్డే. కొత్తగూడెం దాటి అడవి మొదలయ్యాక, కిటికీలోంచి ఇప్పచెట్లు చూస్తున్న అవ్వ, మొత్తం ఎంత దూరం పోయొచ్చామని అడిగింది. ఈసారి ఇంటి నుంచి లెక్కేసి, ఒకవైపే రెండు వేల కిలోమీటర్లన్నాను.

అవ్వ మళ్లీ కిటికీ వైపు తిరిగింది.

"మా అమ్మ భద్రాచలం దాటి ఏడికీ పోలే బిడ్డా. ఇప్పుడు గంత దూరంల ఉన్నది."