పక్కకు జరిగే మనిషి

ఎల్వీరా ముఖం చూస్తే ఇప్పుడే విరిగిన పాల గిన్నె మూత తీసి చూసిందేమో అనిపిస్తుంది. కౌనస్ నగరంలో ఆమెకు రోత పుట్టించనిది చాలా తక్కువ. ట్రాలీ బస్సులో తడి కోట్ల కంపు రోత, గుమ్మంలో బూట్లు తుడుచుకోని మనుషులు రోత, అన్నిటికన్నా తన వృత్తిలో ఉన్నవాళ్లు మరీ రోత. ఆమెకు ఇష్టమైనది మట్టి ఒక్కటే. పునాది వేయబోయే చోట తవ్వి తెచ్చిన మట్టిని పరీక్షించి, ఆ నేల ఎంత బరువు మోస్తుందో తేల్చి సంతకం పెట్టే ఇంజనీరు ఆమె. యంత్రాలన్నీ ఉన్నా ముందు చిటికెడు మట్టి తీసి వేళ్లతో నలిపి, ముందుపళ్ల కింద వేసుకుంటుంది. కరకరలాడితే ఇసుక కలిసినట్టు, వెన్నలా జారిపోతే ఉత్త బంకమన్ను. “మా కోడలికి రొట్టె అక్కర్లేదు, మన్ను పెడితే చాలు” అని అత్తగారు బతికున్నన్నాళ్లూ దెప్పింది.

ఆ ఊరి నేల కూడా దిక్కుమాలిన నేలే. ఏనాడో ఉత్తరాన్నుంచి వచ్చి కూర్చున్న మంచు, కరిగి పోతూ పోతూ, ఇల్లు ఖాళీ చేసే అద్దెవాడిలా చెత్తంతా ఇక్కడే పారేసింది. ఒకచోట రాయిలా బిగిసిన మన్ను, దాని పక్కనే పాత సరస్సు అడుగున పేరుకున్న మెత్తటి బంక, ఆ బంకలో ఎక్కడపడితే అక్కడ ఆవులంతేసి బండలు. బండ తగిలిందంటే కింద గట్టి నేల ఉందని కాదు, బండ తగిలిందని మాత్రమే. అందుకే తవ్వేవాళ్లకు ఒక నియమం ఉంది. రాయి తగిలితే నాలుగడుగులు పక్కకు జరిగి మళ్లీ తవ్వాలి. అక్కడా తగిలితే ఇంకోవైపు జరగాలి. జరగడమంటే లారీ తిప్పాలి, బురదలో ఇనుప గొట్టాలు మోయాలి. అంత కష్టం ఎవడు పడతాడు? రాయి తగలగానే “గట్టి నేల” అని రాసేసి, సీసా తీసి ఆ రాయి ఆరోగ్యం కోసం తలో గుక్కా తాగి, సామాను సర్దేసుకునే ముఠాలే ఊరంతా. ఎల్వీరా వాళ్లను పేరుపేరునా అసహ్యించుకునేది.

ఒక్క ముఠాను మాత్రం ఏమీ అనేది కాదు. దాని పెద్ద ఆమె భర్త జెనోనస్. ఆయన తవ్వి తెస్తే ఆమె చూసి సంతకం పెట్టేది. వాళ్ల కాపురమంతా అలాగే గడిచింది. ఇంటికి ఎవరొచ్చినా ఆమె చెప్పే కథ ఒకటుంది. తమ ఇల్లు కట్టేముందు గొట్టానికి రాయి తగిలితే, జెనోనస్ ఆదివారమంతా అటూ ఇటూ జరుగుతూ తవ్వుతూనే ఉన్నాడట. చివరికి ఆ రాయినే పెళ్లగించి గేటు పక్కన పెట్టాడు. సాయంత్రాలు ఇద్దరూ దానిమీద కూర్చుని, రొట్టె పులియబెట్టి చేసిన చల్లటి క్వాస్ తాగుతారు. “మా ఆయన పక్కకు జరిగే మనిషి” అని చెప్పేటప్పుడు మాత్రమే ఆమె నొసలు విచ్చుకునేది.

మే నెలలో నది ఒడ్డున పసిపిల్లల బడి కట్టే పని వచ్చింది. జెనోనస్ తవ్విన రెండు చోట్లా ఒకే మాట రాశాడు. మూడు మీటర్ల దగ్గర రాయి, పక్కకు జరిగినా రాయి, గట్టి నేల. ఎల్వీరా రాయికి పైనున్న మన్ను తీసి పళ్ల కింద వేసుకుంది. కరకర లేదు. ముద్దను విరిచి చూస్తే నలుపు, తెలుపు సన్నటి పొరలు. అది సరస్సు అడుగు మన్ను. రాయి కింద కూడా ఇదే ఉంటే బడి ఒక మూలకు కుంగుతుంది, గోడలు విచ్చుకుంటాయి. లోపల ఉండేది మూడేళ్ల పిల్లలు.

“సంతకం పెట్టేయండి ఎల్వీరా గారూ,” అన్నాడు కంపెనీ యజమాని రోలాందస్. “గట్టి నేల అని తేలిందిగా, పైపైన పునాది చాలు. లోతుగా కాంక్రీటు స్తంభాలు, ఆ పైళ్లు దింపాలంటే బిల్డరు నా పీక పిసుకుతాడు.”

“మళ్లీ తవ్వించండి.”

రోలాందస్ నవ్వాడు. “తవ్వింది మీ ఆయనే కదండీ! ఆయన మాట మీరే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు?”

ఆమెకు తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రం బీట్‌రూట్ చల్లపులుసు గిన్నెలో పోస్తూ అడిగింది. “ఆ బడి దగ్గర పక్కకు జరిగావా?”

“రాశాగా.”

“రాశావని తెలుసు. జరిగావా అని అడుగుతున్నా.”

“అబ్బ, తిండి దగ్గర కూడా బండరాళ్లేనా? జరిగానే. అక్కడా రాయే. తిను, ఆలుగడ్డలు చల్లారిపోతున్నాయి.”

నమ్మాలని ఆమెకు ఎంతో ఉంది. కానీ ఆ వెన్నలాంటి మన్ను ఇంకా నాలుకను వదల్లేదు. పొద్దున్నే, పిలవకుండానే వెళ్లి ఆయన లారీ ఎక్కి కూర్చుంది.

బడి స్థలంలో దిగగానే, “జరిగి తవ్విన గుంత చూపించు” అంది. మొదటి గుంత దగ్గర తొక్కిన బురద ఉంది. దాని నాలుగు వైపులా గడ్డి, గడ్డిలో పసుపుపచ్చ పూలు. ఒక్క పువ్వు కూడా నలగలేదు. ముఠావాళ్లు సిగరెట్లు వెలిగించుకుని అటు తిరిగారు.

“ఛీ,” అంది ఎల్వీరా. “నువ్వు కూడానా?”

“అందరూ చేసేదే కదే. ముప్పై ఏళ్లనుంచీ ఏ ఇల్లు కూలింది చెప్పు?”

“ముప్పై ఏళ్లనుంచా?”

జెనోనస్ నాలుక కరుచుకున్నాడు, కానీ మాట అప్పటికే బయటపడింది. ఆమె కళ్లముందు ఆసుపత్రులు, అపార్టుమెంట్లు, ముసలివాళ్ల వసతి గృహం వరసగా కదిలాయి. అన్నిటి కిందా ఆయన రాయి, అన్నిటి మీదా ఆమె సంతకం.

“ఇక్కడ దించు,” అంది, పూల మధ్య కాలు మోపి.

గొట్టం మూడు మీటర్లు దాటింది, ఐదు దాటింది. రాయీ లేదు, రప్పా లేదు. ఇంకాస్త కిందికి పోయాక తన బరువుకు తానే దిగసాగింది. పైకి తీస్తే నిగనిగలాడే తడి బంక. పళ్ల కింద వేసుకోనక్కర్లేకుండానే తెలిసిపోతోంది. ఎల్వీరా అక్కడినుంచే రోలాందస్‌కు ఫోన్ చేసింది. “పైళ్లు వేయాల్సిందే, లేదా నా సంతకం ఉండదు. ఇంకో మాట. మా ఆయన ఇన్నాళ్లూ తవ్వినవన్నీ తిరగదోడాలి. అవును, అన్నీ.” ఫోన్ పెట్టేసి లారీ ఎక్కింది.

తిరుగుదారిలో జెనోనస్ గొణిగాడు. “నా నోట్లో మన్ను కొట్టావు కదే.”

ఆమె కిటికీలోంచి చూస్తోంది. ఏ భవనం చూసినా కాస్త ఒరిగినట్టే ఉంది. ఊరు దాటబోతుండగా అడిగింది. “మరి మన ఇంటికి మాత్రం అన్నిసార్లు ఎందుకు జరిగావు?”

ఆయన ముఖం వెలిగిపోయింది. ఆమె కోపం తగ్గిందనే అనుకున్నాడు పాపం. “అదేం ప్రశ్నే పిచ్చిదానా? అది మన ఇల్లు!”

ఎల్వీరా ముఖం మళ్లీ కిటికీ వైపు తిప్పుకుంది. ఇన్నేళ్లూ వచ్చినవాళ్లందరికీ మురిసిపోతూ చెప్పిన కథ ఇదే. ఎలా తవ్వాలో, ఎందుకు జరగాలో ఆయనకు మొదటినుంచీ తెలుసు.

ఇంటికి రాగానే జెనోనస్ రెండు గ్లాసుల క్వాస్ తెచ్చి, గేటు దగ్గరి రాయిమీద కూర్చుని, పక్కన చోటు చూపించాడు. ఎల్వీరా వీధిలోనే నిలబడింది. ఎక్కడికైనా పోదామంటే, కింద ఏముందో ఖాయంగా తెలిసిన ఇల్లు ఆమెకు అదొక్కటే.