రాక్షసగుళ్ల దారి

పిరమిడ్లు చూడాలని ఉబలాటపడే మీరు, మీ ఊరి పొలిమేరలోని పాత సమాధులను ఎప్పుడైనా చూశారా?

మొదటి ఈజిప్టు ప్రయాణానికి టికెట్లు వెతుకుతుంటే ఫోన్‌లో ఒక రాతి సమాధి కనిపించింది. నడిగూడెం దగ్గర మా చెలక, ఆ మెట్టపొలం గుర్తొచ్చింది. అక్కడ గుండ్రంగా పాతిన బండలను రాక్షసగుళ్లు అనేవారు. వాటిని దాటేటప్పుడు ఉమ్మేయాలి.

“నాయినమ్మా, రాక్షసుడు లేస్తడా?”

“ఉమ్మేసి నడువ్ బిడ్డా. లేస్తే ముందుగాల నిన్నే తింటడు. నేను ముసల్దాన్ని, నన్ను నమలలేడు.”

నేను ఉమ్మేసి పరిగెత్తేవాణ్ని.

అవి ఈ నేల మీద బతికిన పాతకాలపు మనుషుల సమాధులని తర్వాత చదువుకున్నాను. రాక్షసులు లేరని వేదికలెక్కి వాదించాను. ఆ బండల దగ్గరకు మాత్రం మళ్లీ వెళ్లలేదు. ఇప్పుడు వాటిలో సగం ఇళ్ల పునాదుల్లో ఉన్నాయట. పరాయి సమాధుల కోసం టికెట్లు వెతుకుతున్నందుకు సిగ్గేస్తోంది.

మీ ఊళ్లో మిగిలినవాటిని ఈ ఆదివారమే మీ పిల్లలకు చూపించండి. ఉమ్మనివ్వకండి.