తెప్ప ఒడ్డెక్కేదాకా

అరవైల్లో నందిగామలో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. కస్టమర్ల వెనక వేలాడదీసే తెర మీద సముద్రం గీయించాలని నా కోరిక. జగ్గయ్యపేట పెయింటరేమో సముద్రం చూసిన పాపాన పోలేదు. ఫోటో తెచ్చిస్తే గీస్తానన్నాడు. అందుకని భీమిలి వెళ్లాను.

తెల్లవారుతుండగా రాళ్ల మీద స్టాండు నిలబెట్టి, నల్లగుడ్డలో తల దూర్చాను. కెమెరా అద్దంలో తలకిందులుగా రాళ్లు, నురగ, ఎర్రబడుతున్న ఆకాశం. ఉన్నట్టుండి అంతా చీకటైపోయింది. తల బయటికి తీస్తే, జాలరి ఆడమనిషి ఒకావిడ లెన్సుకు అరచెయ్యి అడ్డం పెట్టి నిలబడి ఉంది.

“ఆ పెట్టె తీసెయ్ బాబూ. మావోడి తెప్ప ఇంకా రానేదు. మా పేటలో పీనుగులకే ఫోటో తీత్తారు.”

నందిగామలోనూ అంతే. పెళ్లిళ్లు పోను, నన్ను పరుగున పిలిపించేది శవాన్ని ఎత్తబోయే ముందే. చాలామందికి అదే మొదటి ఫోటో.

సూర్యుడు పైకొచ్చాడు. ఏ వెలుగు కోసం అంత దూరం వచ్చానో అది కాస్తా పోతోంది. ఆవిడ చెయ్యి తియ్యలేదు, నేనూ తియ్యమనలేదు. మిగతా తెప్పలన్నీ వచ్చేశాయి. ఇద్దరం సముద్రం వైపే చూస్తూ నిలబడ్డాం.

ఎండ చురుక్కుమన్నాక అలల మధ్య ఒక తెప్ప కనబడింది. ఆవిడ నీళ్లలోకి పరుగెత్తి, మొగుణ్ణి రెక్క పట్టుకుని నా ముందుకు లాక్కొచ్చింది.

“ఇప్పుడు తియ్యి బాబూ. బతికున్నోడికి తియ్యి.”

జగ్గయ్యపేట పెయింటరు ఆ ఫోటోను అటూ ఇటూ తిప్పి చూసి, “సముద్రం ఏదండీ? వీళ్లిద్దరే ఉన్నారు గదా!” అన్నాడు.