కొమురయ్య బదులు నేను చెప్పిన జవాబు

ఆరేళ్ల కిందట నేనన్న ఒక్క మాట నన్ను వదలడం లేదు. "లేదు" అన్న మాట. దాని సంగతి ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

పరకాల దగ్గర మాకు ఒకప్పుడు నూరెకరాలుండేవి. ఇప్పుడు మిగిలింది ఇంటిపేరే. అయినా నేను ఎవరి ముందూ తల వంచను. కొమురయ్య మా పత్తిచేన్లలో పనిచేసినవాడు. ముసలితనంలో అతని కుడిచెయ్యి వణకడం మొదలైంది, అడుగు పడటం కష్టమైంది. పార్కిన్సన్స్ అన్నారు. వరంగల్ దవాఖానకు నేనే తీసుకెళ్లాను. అది నా దయ అనుకున్నాను.

అక్కడ ఒక డాక్టరమ్మ, ఆ జబ్బులో మెదడు కణాలు ఎందుకు చచ్చిపోతాయో పరిశోధిస్తోంది. వచ్చిన రోగులను ప్రశ్నలడిగి రాసుకుంటోంది.

"తాతా, పురుగుల మందు కొట్టినవా ఎప్పుడన్న?"

కొమురయ్య నావైపు చూశాడు. "చిన్నదొరనడుగు బిడ్డా. నా చెయ్యొక్కటే ఎవ్వల మాట ఇంటలేదు. కడమ ఒళ్లంత దొర మాటే ఇంటది."

ఆమె నవ్వింది. నేను నవ్వలేదు.

"లేదు," అన్నాను. "మా దగ్గర పసుల కాసిండు."

ఆమె అదే రాసుకుంది.

బయటికొచ్చాక కొమురయ్య, "మంచిగ చెప్పినవ్ దొరా. మీ నాయన పేరు నిలవెట్టినవ్," అన్నాడు. అది మెచ్చుకోలా, ఎత్తిపొడుపా? అడిగే ధైర్యం లేకపోయింది.

నిజం ఇది. అతను డ్రమ్ములో మందు పోసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపేవాడు. నేను ముక్కుకు రుమాలు కట్టుకుని దూరంగా నిలబడేవాణ్ణి. చేతితొడుగులు వేసుకోవాలని డబ్బా మీద రాసి ఉండేది. మా ఇద్దరిలో చదువొచ్చింది నాకే. చదివాను. చెప్పలేదు.

ఆ మందే అతణ్ణి ఆ స్థితికి తెచ్చిందా? నాకు తెలియదు. ఆమెకూ తెలియదు, తెలుసుకోవడానికే అడిగింది. తెలిసినంత చెప్పవలసిన నేను, భూమి పోయినా పరువు మిగిలిందని నన్ను నేను నమ్మించుకోవడానికి, మా చేన్లో పనిచేసి ఒకడు జబ్బుపడ్డాడన్న మాట పడకుండా ఉండటానికి, ఒక మనిషి బతుకునే తప్పుగా రాయించాను. ఆ కాగితాన్ని నమ్మి ఆమె ఎటు పోతుందో ఆలోచించానా?

పోయిన వానకాలం కొమురయ్య చనిపోయాడు. క్షమించమని అడగడానికి మనిషి లేడు. ఉంటే మాత్రం అడిగేవాణ్ణా?

దీని నకలు డాక్టరమ్మకు పంపుతున్నాను. ఆమె ప్రశ్నకు జవాబు: అవును. పద్నాలుగేళ్లు. ఉత్త చేతులతో. మా చేన్లో.