బావ నిద్రపోయిన కారు

2008 మే 25, ఆదివారం. పొద్దుటి నుంచి వాకిట్లో ఉన్నవారు: నేను, నా భార్య, ఆమె అన్న అంటే మా బావ, పక్క క్వార్టర్ ఆయన, పాత ఇనుము కొనే దుకాణదారు, గ్యాస్ కట్టర్ పట్టే అతని పనివాడు. ఆ ఆదివారం చర్చికి ఎవరమూ పోలేదు.

ఎవరెవరు ఉన్నారో ముందు రాసుకోవడం నాకు ఉద్యోగం నేర్పిన అలవాటు. గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి మీద ల్యాంపు రూములో క్లర్కుగా పనిచేశాను. బాయిలోకి దిగే ప్రతి మనిషీ తన ఇత్తడి బిళ్ళ మాకిచ్చి దీపం తీసుకుంటాడు. పైకొచ్చి దీపం అప్పగిస్తే బిళ్ళ తిరిగిచ్చేస్తాం. కొక్కేనికి ఒక్క బిళ్ళ మిగిలినా మాకు షిఫ్టు అయిపోయినట్టు కాదు. ఒకసారి అలా మిగిలిన బిళ్ళ మా బావది. పైకప్పు కింద కట్టెలు నిలబెట్టే పని ఆయనది. కప్పు కూలి దారి మూసుకుపోతే తర్వాతి షిఫ్టు వాళ్ళు తవ్వుకుంటూ పోయి ఆయన్ని పైకి తెచ్చారు. ఒంటి మీద దెబ్బ లేదు. ఆ సంగతి ఆయన ఎన్నడూ ఎత్తలేదు, నేనూ అడగలేదు.

ఆ ఆదివారం మా పని, వాకిట్లో ఉన్న పాత అంబాసిడర్‌ను తీసేయడం. ఇంజను పట్టేసి ఏళ్ళయింది. టైర్లు మట్టిలో దిగబడ్డాయి. పైన రేకుల పందిరి, చుట్టూ మేమే కట్టుకున్న గోడ. నేను రిటైరయ్యాను కాబట్టి నెలాఖరులోగా క్వార్టర్ ఖాళీ చేసి, వాకిలి శుభ్రంగా కంపెనీకి అప్పగించాలి. అద్దెకు దొరికిన ఇల్లు ఇరుకు సందులో ఉంది. ఆ సందులోకి ఆటో కూడా రాదు. ఇంకొన్నాళ్ళు గడువిమ్మని అడిగి చూశాను, కుదరదన్నారు. పక్క క్వార్టర్ ఆయన వాకిట్లో పెడదామంటే ఆయన కూడా ఆ ఏడాదే రిటైరవుతున్నాడు. డైరీలో ఒక్కొక్క దారీ రాసుకున్నాను, ఒక్కొక్కటే కొట్టేశాను. పేజీ చివర మిగిలింది కారు పోవడం ఒక్కటే.

కారు పోతే ఎవరికీ బాధ లేదు, మా బావకు తప్ప. ఆయన పడుకునేది అందులోనే.

భార్య పోయాక, రిటైరయ్యాక ఆయన మా దగ్గరికి వచ్చాడు. బొగ్గు దుమ్ము ఛాతీ నిండా చేరింది. వెల్లకిలా పడుకుంటే దగ్గు, ఆ తర్వాత ఆయాసం. తల ఎత్తుగా పెట్టుకొని పడుకోమని డాక్టరు చెప్పాడు. దిండ్లు పేర్చాం, జారిపోయాయి. మంచం తలవైపు ఇటుకలు పెట్టాం, ఆయన కాళ్ళవైపుకు జారిపోయాడు. వచ్చిన మొదటి రాత్రే గదిలోంచి లేచిపోయి కారులో వెనుక సీటు మీద కూర్చున్నాడు. పొద్దున చూస్తే అక్కడే నిద్రపోతున్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో గది ఆయన బట్టలకే, నిద్ర మాత్రం కారులో. కుడివైపు తలుపు పక్కన కూర్చుని, తల వెనక్కి ఆన్చి, చెయ్యి తలుపు పిడి మీద వేసుకొని పడుకునేవాడు. ఆ తలుపు బయటి పిడి ఎప్పుడో విరిగిపోయింది. లోపలి నుంచి పిడి పైకెత్తి భుజంతో ఒక తోపు తోస్తేనే తెరుచుకునేది. పొద్దున నా భార్య టీ తీసుకొనిపోయి అద్దం మీద వేలితో కొట్టేది. ఆయన లోపలి నుంచి తీసేవాడు.

అందుకే ఆ వారమంతా ఇంట్లో ఎవరమూ సరిగ్గా మాట్లాడుకోలేదు. ఎండలు మండిపోతున్నాయి. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగితే కిటికీ అద్దాలు గలగలమనేవి, తర్వాత మళ్ళీ అదే ఉక్కపోత. శనివారం అన్నం తింటూ నా భార్య అన్నను అడిగింది, గదిలో నిద్ర పట్టకపోతే ఏం చేస్తావని. ఆయన కంచంలోంచి తల ఎత్తకుండానే చెప్పాడు.

"ఒక్క రాత్రి చూస్త. ఊపిరాడకపోతే పొద్దుగాల జైపూర్ బస్సెక్కుత."

గోదావరి దాటాక వచ్చే జైపూర్‌కు అవతల, వాళ్ళ ఊళ్ళో తమ్ముడి పొలం ఉంది. బోరు దగ్గర నాలుగు వైపులా తెరిచి ఉన్న పాక ఒకటి ఉంది. అక్కడ ఒంటరిగా ఉంటానంటాడు. కిందటి చలికాలం తెల్లవారుజామున ఆయన పెదాలు నల్లబడితే ఆటోలో కంపెనీ దవాఖానకు తీసుకొనిపోయి ఆక్సిజన్ పెట్టించాం. పొలం పాకలో అలా అయితే పిలిస్తే పలికేవాడు కూడా ఉండడు. నా భార్య కంచాలు తీసుకొని లోపలికి పోయింది, చాలాసేపు బయటికి రాలేదు.

కారును కోయించే ముందు చేయాల్సినవి నేను వరుసగా చేయించాను. ట్యాంకులో అడుగున మిగిలిన పెట్రోలు డబ్బాలోకి తీయించాను. ఇంజను ఆయిలు వేరే డబ్బాలో పట్టించాను, మట్టిలో పారబోయనివ్వలేదు. బ్యాటరీ విప్పించాను. నంబరు ప్లేట్లు రెండూ తీసి దగ్గర పెట్టుకున్నాను. ఛాసిస్ మీద చెక్కిన నంబరు ఉన్న ముక్కను ముందుగా కోసి నా చేతికిస్తేనే మిగతా కారు ముట్టుకోవాలని దుకాణదారుకు చెప్పాను. దాన్నీ, ఆర్‌సీనీ రవాణా ఆఫీసులో అప్పగిస్తే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది.

అతనికి ఇదంతా చాదస్తంగా కనిపించింది.

"సారూ, ఎన్ని కార్లు కోసిన్నో నాకే యాదికి లేదు. గింతగనం ఎవ్వరు చూడరు."

"నేను చూస్త," అన్నాను.

నాతో పనిచేసిన ఒకాయన పాత స్కూటరును కాగితాలు మార్చకుండానే తుక్కు కింద ఇచ్చేశాడు. అది తుక్కు కాలేదు. ఎవరో బాగుచేసి నడిపారు, ఎక్కడో అడవి దారిలో పడి ఉండగా పోలీసులకు దొరికింది. కాగితం మీద పేరు ఈయనది. స్కూటరు తనది కాదని చెప్పడానికి ఆయన స్టేషను చుట్టూ తిరిగిన తిరుగుడు నేను చూశాను. అవి నక్సలైట్ల రోజులు, మా ప్రాంతంలో అలాంటి మాట ఒక్కసారి చెబితే సరిపోయేది కాదు.

అన్నీ సిద్ధమయ్యాయి. గ్యాస్ సిలిండర్లు లోపలికి తెచ్చారు. బావ మాత్రం వెనుక సీట్లోంచి కదలలేదు. టీ గ్లాసు చేతిలో ఉంది, అందులో టీ అయిపోయి చాలాసేపయింది. దుకాణదారు వంగి కిటికీలోంచి పిలిచాడు.

"కాకా, ఇగ దిగు. జర జల్ది. ఎండ ముదిరితే మా పోరగాడు పని చెయ్యలేడు."

"ట్యాంకి ఖాళీ చేసిన్రా?"

"చేసినం."

"బ్యాటరీ?"

"తీసినం కాకా. నువ్వొక్కనివే మిగిలినవ్."

పక్క క్వార్టర్ ఆయన నవ్వాడు. "ఈ కారు నడిచినప్పటి కన్న నిలబడ్డంకనే ఎక్కువ డ్యూటీ చేసింది. అది రిటైరయితుంది, దానికైతే పింఛను లేదు," అన్నాడు. బావ కూడా నవ్వాడు, నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గాక గ్లాసు నా భార్యకు అందించాడు. పిడి పైకెత్తి భుజంతో తోశాడు. తలుపు ఎప్పటిలాగే కిర్రుమని తెరుచుకుంది. దిగి, మళ్ళీ మెల్లగా మూశాడు.

కోయడానికి ముందు వెనుక సీటు విప్పించాను. దాన్ని ఇంట్లో పెడదామన్నది నా ఆలోచన. వట్టి సీటు నేల మీద పెడితే ఏటవాలు రాదు, అందుకు కట్టెలు కావాలి. అది బావ చేతి పని. పందిరికి వాడిన కట్టెముక్కలు తెప్పించి, స్టూలు మీద కూర్చుని నా చేత, పక్క క్వార్టర్ ఆయన చేత పేర్పించాడు. ఒక వరుస అడ్డంగా, దాని మీద ఒక వరుస నిలువుగా, బాయిలో కప్పు కింద గూడు కట్టినట్టే. సీటు కారులో ఉండగానే ముందు అంచు ఎత్తు, వెనుక అంచు ఎత్తు తాడుతో కొలిచి ముడులు వేసుకొని ఉంచాడు. ముడికి సరిపోయే దాకా ఒప్పుకోలేదు. చివరికి చేతికర్రతో కట్టెల మీద కొట్టి, చప్పుడు విని, తలూపాడు.

గదిలో ఒకటే కిటికీ ఉంది. గాలి తగులుతుందని సీటును కిటికీ కింద, తలుపుకు ఎదురుగా ఉన్న గోడకు చేర్చి పెట్టాం. బావ కూర్చుని చూసుకున్నాడు. తల సరిగ్గా ఆనింది. నా భార్య ఆయన ముఖంలోకి చూసింది, ఎట్లుందని అడిగినట్టు.

"సీటైతే సీటే," అన్నాడు.

బయట మంట వెలిగింది. అరచేతి కంటే కొంచెం పెద్ద ముక్కను కోసి పనివాడు బకెట్ నీళ్ళలో వేశాడు. సుయ్యిమని ఆవిరి లేచింది. చల్లారాక తుడిచి నంబరు చదివాను, ఆర్‌సీతో సరిచూసుకున్నాను, పేపరులో చుట్టి బీరువాలో పెట్టాను. ఆ తర్వాత కారును చూస్తూ నిలబడాలనిపించలేదు. కానీ వాకిలి చిన్నది, ఇంట్లోంచి ఎటు చూసినా అదే కనిపించేది. కారు స్తంభాలు తెగాయి, పైకప్పు లేచింది, తలుపులు ఒక్కొక్కటీ ఊడాయి. సాయంత్రానికి అంతా ట్రాలీకి ఎక్కించారు. దుకాణదారు మర్యాదకు అడిగాడు, గుర్తుకు ఏమైనా ఉంచుకుంటారా అని. పక్క క్వార్టర్ ఆయన హారన్ తీసుకున్నాడు. నా భార్య వద్దంది. బావ తలుపుల వైపు చూశాడు. నాలుగూ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, కుడి వెనుక తలుపు అన్నిటికంటే పైన ఉంది.

"కొండవోనియ్," అన్నాడు, తీసుకుపొమ్మన్నట్టు ట్రాలీ వైపు చెయ్యి ఊపి.

ట్రాలీ పోయాక కారున్న చోట నూనె మరకలతో, గడ్డి మొలవని నల్లటి నేల మిగిలింది. బావ ఆ సాయంత్రం కుళాయి దగ్గరికి పోవాల్సి వచ్చినప్పుడు దాని మీదుగా నడవలేదు. కారు ఇంకా అక్కడే ఉన్నట్టు చుట్టూ తిరిగి పోయాడు. పడుకునే ముందు చొక్కా, లుంగీ, మందుల డబ్బా ఒక చేతిసంచిలో సర్ది సీటు పక్కన పెట్టుకున్నాడు. నా భార్య ఆ సంచిని చూసింది, ముట్టుకోలేదు. ఆ రాత్రి గురించి నా డైరీలో ఒక్కటే వాక్యం ఉంది: ముగ్గురమూ నిద్రపోయినట్టు పడుకున్నాం.

సోమవారం మొదటి షిఫ్టు సైరన్‌కు లేచాను. బావ గది తలుపు ఓరగా వేసి ఉంది. లాగి చూశాను. ఆయన సీటు మీదే ఉన్నాడు, తల ఆనించి, కళ్ళు మూసుకొని. ఊపిరి పొట్టిపొట్టిగా వస్తోంది. కుడి చెయ్యి మాత్రం నిద్రలో లేదు. పక్కన గాలిలో ఏదో వెతుకుతోంది. వేళ్ళు ముడుచుకొని పైకి ఎత్తుతోంది, ఆ వెంటనే భుజం పక్కకు ఒక తోపు. మళ్ళీ వెతకడం, మళ్ళీ ఎత్తడం. అక్కడేమీ లేదు. ఆయన ఒరిగి పడబోయి కళ్ళు తెరిచాడు. నన్ను చూసి కాసేపు గుర్తుపట్టలేదు.

తర్వాత సంచి ఒళ్ళోకి తీసుకున్నాడు. "బావా, బస్సు ఎన్ని గొట్టంగ?"

టీ తెచ్చిన నా భార్య గడప దగ్గరే ఆగిపోయింది. నిన్న ఎత్తులు కొలిచాం, ఏటవాలు కొలిచాం, గాలి చూశాం, ఆయన చేతికి అందే తలుపు మాత్రం చూడలేదు. పక్క క్వార్టర్ ఆయన్ని కేకేశాను. బావను స్టూలు మీద కూర్చోబెట్టి, సీటునూ దాని కింది కట్టెలనూ కిటికీ దగ్గర నుంచి తీసి గది తలుపు పక్కకు చేర్చాం. వరుసలు మళ్ళీ పేర్చాం, తాడుతో మళ్ళీ కొలిచాం. ఈసారి సీటు కుడి అంచు తలుపు చట్రానికి ఆనింది. బావ లేచాడు. వచ్చి కూర్చున్నాడు. చెయ్యి వదిలితే నేరుగా గడియ మీద పడింది.

మేం బయటికొచ్చాం. ఆయన తలుపు మూసుకున్నాడు. గడియ పడిన చప్పుడు వినిపించింది. వెంటనే తీసిన చప్పుడు. తలుపు బెత్తెడు తెరుచుకుంది, మళ్ళీ మూసుకుంది. ఇంకోసారి అలాగే అయింది. ఆ తర్వాత గడియ చప్పుడు ఆగిపోయింది.

పక్క క్వార్టర్ ఆయన డ్యూటీకి వెళ్ళిపోయాడు. జైపూర్ బస్సు వేళ దాటింది. చల్లారిన టీని నా భార్య లోపలికి తీసుకొనిపోయి వేడిచేసి తెచ్చింది. లోపలి నుంచి పొడుగ్గా, బరువుగా ఊపిరి వినిపిస్తోంది. ఆమె తలుపు మీద వేలితో కొట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఇద్దరం వరండాలో కూర్చున్నాం, ఆయన లోపలి నుంచి తీసేదాకా.